ఒకే రంధ్రానికి రెండు పేర్లెందుకు?

పిల్లనగ్రోవి నేర్చుకోవడం మొదలుపెట్టిన విద్యార్థికి కొద్ది నెలలలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. మొదటి రంధ్రం ఒక్కటే మూసి, మిగిలినవన్నీ తెరిచి ఊదితే వచ్చేది చతుశ్రుతి రిషభం అని ఒకచోట చదువుతాడు. మరొకచోట అదే ధ్వనిని శుద్ధ గాంధారం అంటారు. వేళ్లు మారలేదు. ఊపిరి మారలేదు. చెవికి వినిపించే ధ్వనీ మారలేదు. పేరు మాత్రం మారిపోయింది. రిషభం ఎక్కడ, గాంధారం ఎక్కడ? రెండింటిలో ఏది ఒప్పు?

ఇలా అడిగిన వారికి సాధారణంగా దొరికే సమాధానం "రెండూ ఒకటే, గుర్తుంచుకో" అని. ఆ మాట అబద్ధమేమీ కాదు. కాని అది విద్యార్థి నోరు మూయిస్తుందే తప్ప సందేహం తీర్చదు. రెండూ ఒకటే అయితే రెండు పేర్లు ఎందుకు పెట్టినట్లు? మన పెద్దలకు పనిలేకనా? పన్నెండు స్వరస్థానాలకు పదహారు పేర్లు పెట్టి పిల్లల చేత బట్టీ పట్టించడమెందుకు?

ఈ ప్రశ్న అడిగే విద్యార్థి తెలివైనవాడని నా నమ్మకం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా వేణువు పాఠం ముందుకు సాగకూడదని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ జవాబులో సంగీతంతో పాటు మంచి భౌతికశాస్త్రమూ, మంచి గణితమూ ఉన్నాయి.

ఈ మాట మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. పెళ్లిళ్ల కాలంలో ఈ ఊళ్లలో రెండు రకాల ఊదే వాద్యాలు వినిపిస్తాయి. పందిట్లో సన్నాయి, ఊరేగింపులో బ్యాండు మేళం వారి క్లారినెట్టు, శాక్సఫోను. సన్నాయి వాయించే విద్యను మన ప్రాంతంలో నాయీ బ్రాహ్మణ కుటుంబాలు తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్నాయి. ఆ ఇళ్ల పిల్లలు మీ తరగతిలోనే మీ పక్కనే కూర్చుని ఉండవచ్చు. వారి ఇంట్లో పెద్దల వేళ్లకు తెలిసిన సంగతి బడిపుస్తకంలో ఉండదు. బడిపుస్తకంలో ఉన్న ధ్వనిశాస్త్రం వారి ఇంటికి చేరదు. ఈ రెండింటినీ కలిపే దారి ఆ రెండు పేర్ల ప్రశ్నలోనే ఉంది.

రంధ్రం చేసే పని

మొదట వేణువు ఎలా పలుకుతుందో చూద్దాం. వెదురు గొట్టంలో ఉన్న గాలిని వాయుస్తంభం అంటారు. ఊదినప్పుడు ఆ వాయుస్తంభం కంపిస్తుంది. స్తంభం పొడవుగా ఉంటే కంపనాలు నెమ్మదిగా జరిగి ధ్వని మంద్రంగా వస్తుంది. పొట్టిగా ఉంటే కంపనాలు త్వరత్వరగా జరిగి ధ్వని హెచ్చుగా వస్తుంది. ఊదే రంధ్రానికి దగ్గరలో ఒక రంధ్రం తెరిచామంటే గొట్టాన్ని దాదాపు అక్కడ కోసినట్లే. అంటే వేళ్లతో మనం చేసే పనల్లా గొట్టాన్ని కోయకుండానే పొట్టిగా, పొడుగ్గా మార్చడం.

కర్ణాటక సంగీతంలో వాడే వేణువుకు ఊదే రంధ్రం కాక సాధారణంగా ఎనిమిది రంధ్రాలుంటాయి. ఊదే రంధ్రం వైపు నుంచి లెక్కపెట్టండి. వాడుకలో ఉన్న పద్ధతిలో మొదటి రెండు రంధ్రాలు మూస్తే షడ్జం. మొదటిది పూర్తిగా, రెండోది సగం మూస్తే శుద్ధ రిషభం. మొదటిది ఒక్కటే మూస్తే చతుశ్రుతి రిషభం. ఆ మొదటిదాన్ని కూడా సగం తెరిస్తే సాధారణ గాంధారం. అన్నీ తెరిస్తే అంతర గాంధారం.

సగం మూయడం అనే మాట గమనించండి. రంధ్రం చిన్నదైనకొద్దీ అది గొట్టాన్ని కోసినట్లు చేసే ప్రభావం తగ్గుతుంది. వేలిని కొద్దికొద్దిగా జరిపితే ధ్వని కూడా కొద్దికొద్దిగా జారుతుంది. హార్మోనియంలో ఈ సౌకర్యం లేదు. ఒక మెట్టు నొక్కితే ఒకే ధ్వని. వేణువులో మాత్రం రెండు స్వరాల నడుమ దారి అంతా తెరిచే ఉంటుంది.

సన్నాయి సంగతి మరీ విచిత్రం. దానికి వేళ్లతో మూసే రంధ్రాలు ఏడు. అడుగున ఉన్న మరికొన్ని రంధ్రాలను వేళ్లతో తాకరు. వాటిలో మైనం పెట్టి శ్రుతి సరిచేసుకుంటారు. నోట పెట్టుకునే పీకను పెదవులతో ఎంత అదిమారు, ఊపిరి ఎంత బలంగా విడిచారు అన్నదాన్ని బట్టి ఒకే వేళ్ల అమరికలో ధ్వని పైకీ కిందికీ జరుగుతుంది. ఆ విద్యలో ఆరితేరిన తెలుగువారిలో షేక్ చినమౌలానా ఒకరు. ఆయన 1924లో ఇప్పటి ప్రకాశం జిల్లాలోని కరవదిలో పుట్టారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ నుంచి సంగీత కళానిధి బిరుదు పొందారు.

ఇంతకీ తేలిన దేమిటి? వేళ్ల అమరిక ఒకటైనంత మాత్రాన కంపనాల సంఖ్య ఒకటే కానక్కరలేదు. దీనికి ఇంకో రుజువు మన ఎండలే. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 331 మీటర్లకు, ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు 0.6 మీటరు చొప్పున కలుపుకుంటూ పోతే వస్తుంది. డిసెంబరు ఉదయం 15 డిగ్రీలుంటే వేగం 340 మీటర్లు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే 356 మీటర్లు. తేడా దాదాపు 5 శాతం. పక్కపక్కనున్న రెండు స్వరస్థానాల మధ్య తేడా సుమారు 6 శాతం. అంటే గొట్టంలోని గాలి పూర్తిగా బయటి గాలి అంత వేడెక్కితే, వేణువు ధ్వని దాదాపు ఒక స్వరస్థానం పైకి ఎక్కిపోవాలి! మన ఊపిరి ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది కనుక నిజంగా అంత తేడా రాదు. కాని తేడా రావడం మాత్రం ఖాయం. అయినా వేణువు వాయించేవారు డిసెంబరులోనూ మేలోనూ అదే రంధ్రాన్ని అదే పేరుతో పిలుస్తారు.

కనుక వేళ్ల అమరిక ఒకటి, కంపనాల సంఖ్య మరొకటి, స్వరం పేరు ఇంకొకటి. ఈ మూడింటినీ కలగాపులగం చేయడంతోనే చిక్కంతా వస్తోంది.

రాయి 'స' అంటుందా?

పేరు అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఒకసారి పాలంపేట వెళ్దాం. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి అక్కడే ఉంది. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. పాలంపేట 2016 నుంచి భూపాలపల్లి జిల్లాలో ఉండి, 2019లో ములుగు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. ఆ గుడిలో వేణువు ఊదుతున్న కృష్ణుని శిల్పం ఒకటుంది. దాన్ని వేలితో మీటితే సరిగమలు పలుకుతాయని చూడవచ్చిన వారికి చెబుతుంటారు.

రాతిని తడితే ధ్వని రావడంలో వింత లేదు. సన్నగా చెక్కిన రాయి, తట్టిన చోటును బట్టి, మందాన్ని బట్టి వేరువేరు వేగాలతో కంపిస్తుంది. ఆ శిల్పుల పనితనం మెచ్చదగినదే. అయితే మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది. రాతిలో ఒక్కచోటే తట్టి, "ఇది స" అని చెప్పగలమా?

చెప్పలేం. ఒక్క ధ్వనికి కంపనాల సంఖ్య ఉంటుంది, స్వరం పేరు ఉండదు. ఏదో ఒక ధ్వనిని షడ్జంగా ఒప్పుకున్న తరువాతనే మిగిలిన వాటికి పేర్లు పుడతాయి. మీ అమ్మను మీరు అమ్మా అంటారు. మీ మేనత్త ఆమెనే వదినా అంటుంది. మీ నాయనమ్మకు ఆమె కోడలు. మనిషి ఒక్కరే. పేరు మాత్రం పిలిచేవారితో ఉన్న వరసను బట్టి వస్తుంది. సంగీతంలో పేర్లూ అలాంటి వరసలే. రిషభం, గాంధారం అన్నవి ధ్వనులకు పెట్టిన పేర్లు కావు, వాటి చుట్టరికాలకు పెట్టిన పేర్లు.

(రామప్ప వెళ్లినప్పుడు శిల్పాన్ని తట్టి చూడకండి. ఎనిమిది వందల ఏళ్ల రాయి అది. వచ్చిన ప్రతివారూ తడితే అరిగిపోతుంది. ఈ ప్రయోగానికి ఇంట్లో నీళ్లు పోసిన గాజు గ్లాసులు చాలు.)

నాలుగు చోట్లు, ఇద్దరు మనుషులు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. షడ్జానికీ శుద్ధ మధ్యమానికీ నడుమ నాలుగు స్వరస్థానాలున్నాయి. వాటికి 1, 2, 3, 4 అని అంకెలు వేద్దాం. పూర్తి రాగంలో ఏడు స్వరాలూ ఒక్కొక్కసారి రావాలి. అంటే ఈ నాలుగు చోట్లలో ఇద్దరిని కూర్చోబెట్టాలి. ఒకరు రిషభం, ఒకరు గాంధారం. నియమం ఒక్కటే. రిషభం కింద, గాంధారం పైన.

నాలుగు చోట్ల నుంచి రెండింటిని ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చు? 4 ను 3 తో గుణించి 2 తో భాగించండి. 6 విధాలు. అవి ఇవీ: 1, 2 ఎంచుకుంటే కనకాంగి. 1, 3 అయితే హనుమతోడి. 1, 4 అయితే సంగీతం మొదటి పాఠాలు నేర్పే మాయామాళవగౌళ. 2, 3 అయితే ఖరహరప్రియ. 2, 4 అయితే ధీరశంకరాభరణం. 3, 4 అయితే చలనాట.

ఇప్పుడు రెండో చోటును చూడండి. ఖరహరప్రియలో రెండో చోటులో ఉన్నది కింది మనిషి. కనుక అది రిషభం, చతుశ్రుతి రిషభం. కనకాంగిలో ఒకటో చోటును రిషభం ముందే ఆక్రమించింది. రెండో చోటులో ఉన్నది పై మనిషి. కనుక అది గాంధారం, శుద్ధ గాంధారం. మూడో చోటు కూడా అంతే. హనుమతోడిలో అది సాధారణ గాంధారం. చలనాటలో నాలుగో చోటు గాంధారానిది కనుక మూడోది షట్‌శ్రుతి రిషభం అయింది. ఒకటో చోటు ఎప్పుడూ కిందిదే కనుక దానికి గాంధారం అయ్యే అవకాశం లేదు. నాలుగోది ఎప్పుడూ పైదే కనుక దానికి రిషభం అయ్యే అవకాశం లేదు. నడుమనున్న రెండింటికే రెండేసి పేర్లు.

చూశారా! బట్టీ పట్టవలసిన పనే లేదు. కింద ఎవరున్నారు, పైన ఎవరున్నారు అని చూస్తే పేరు దానంతట అదే తేలుతుంది. పంచమం పైన దైవత, నిషాదాలకూ ఇదే లెక్క. అక్కడా 6 విధాలు. మధ్యమం రెండు రకాలు. 6 ను 2 తో, మళ్లీ 6 తో గుణిస్తే 72. మేళకర్తలు 72 అని మీరు విన్నదానికి మూలం ఇదే. తంజావూరులో 1660 ప్రాంతంలో వేంకటమఖి 'చతుర్దండి ప్రకాశిక'లో ఈ 72 లెక్క కట్టాడు. అంతకు నూరేళ్లకు పైగా ముందే, 1550లో, విజయనగరంలో రామామాత్యుడు 'స్వరమేళ కళానిధి'లో కొన్ని స్వరాలకు రెండేసి పేర్లున్నాయనీ, అవి ఒకే చోట నిలుస్తాయనీ గుర్తించాడు.

పాశ్చాత్య సంగీతం కూడా ఈ పద్ధతినే పాటిస్తుంది. వారి ఏడు స్వరాలు సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి. అక్షరం పక్కన షార్ప్ అంటే ఒక మెట్టు పైకి, ఫ్లాట్ అంటే ఒక మెట్టు కిందికి. ఎఫ్ నుంచి మొదలయ్యే వారి వరస ఎఫ్, జి, ఎ, బి-ఫ్లాట్, సి, డి, ఇ. అందులోని బి-ఫ్లాట్‌ను ఎ-షార్ప్ అని కూడా రాయవచ్చు. ధ్వని ఒక్కటే. కాని అలా రాస్తే వరసలో 'ఎ' రెండుసార్లు వస్తుంది, 'బి' కనిపించకుండా పోతుంది. ఏడు కుర్చీలలో ఒకటి ఖాళీగా, ఒకదానిలో ఇద్దరు కూర్చున్నట్లన్నమాట. అందుకే అలా రాయరు. వేల మైళ్ల దూరంలో ఉన్న రెండు సంగీతాలు ఒకే నియమానికి వచ్చాయంటే, ఆ నియమంలో ఏదో ఉపయోగం ఉండి తీరాలి.

పేరు వేలికి చెప్పే మాట

ఆ ఉపయోగం ఏమిటో బ్యాండు మేళంలోని శాక్సఫోను చక్కగా చూపిస్తుంది. శాక్సఫోనులో బి-ఫ్లాట్ పలికించడానికి కనీసం మూడు పట్టులున్నాయి. ఎడమచేతి చూపుడువేలితోనే పక్కనున్న చిన్న మీటను కూడా కలిపి నొక్కేది ఒకటి. దాన్ని బిస్ మీట అంటారు. కుడిచేతి వైపు ఉన్న పక్క మీటను నొక్కేది రెండోది. రెండు చేతుల చూపుడువేళ్లతోనూ నొక్కేది మూడోది. ఇంతవరకు మనం ఒకే పట్టుకు రెండు పేర్లు చూశాం. ఇక్కడ ఒకే ధ్వనికి మూడు పట్టులు!

ఎప్పుడు ఏ పట్టు? అది పక్కన ఏ స్వరం ఉందో చూసి తేల్చాలి. ఎ నుంచి బి-ఫ్లాట్ మీదుగా సి వరకు పోయే వరసలో బిస్ మీట హాయిగా ఉంటుంది. ఎ, ఎ-షార్ప్, బి అని మెట్టు మెట్టుగా ఎక్కేటప్పుడు బిస్ మీట వాడితే చూపుడువేలు జారవలసి వస్తుంది, పరుగు తడబడుతుంది. అక్కడ పక్క మీట మేలు. బి-ఫ్లాట్ అని రాసి ఉంటే మామూలుగా మొదటి రకం వరస రాబోతున్నదని అర్థం. ఎ-షార్ప్ అని రాసి ఉంటే పక్కన బి రాబోతున్నదని అర్థం. పేరు చదివిన క్షణంలోనే వేలు సిద్ధమవుతుంది.

మన వేణువులో ఈ సంగతి ఇంకా లోతైనది. మన సంగీతంలో స్వరం నిలువుగా నిలబడి ఉండదు. ఊగుతుంది, జారుతుంది. దీన్నే గమకం అంటాం. తోడిలో గాంధారం విశాలంగా ఊగే స్వరం. ఆ ఊపు లేకపోతే తోడి తోడిలా వినిపించదు. స్వరస్థానం లెక్కలో నాటలోని షట్‌శ్రుతి రిషభానిదీ ఆ మూడో చోటే. కాని దాని పైన ఆనుకునే అంతర గాంధారం ఉంది. దాని నడక వేరు. స్వరస్థానాల పట్టికలో రెండింటికీ "మొదటి రంధ్రం సగం" అని ఒకే మాట రాసి ఉంటుంది. వాయించేటప్పుడు వేలి కదలిక మాత్రం ఒకటి కాదు. ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలో వేలికి చెప్పేది ఆ పేరే.

రెండూ వేరుగా ఉన్న రోజులు

"వరసలు వేరైనా, ధ్వని అయితే సరిగ్గా ఒక్కటే కదా" అని మీరు అనవచ్చు. ఎప్పుడూ ఒక్కటి కాదు. జర్మనీకి చెందిన వేణు విద్వాంసుడు క్వాంట్జ్ 1726లో తన వేణువుకు ఒక మీట అదనంగా అమర్చుకున్నాడు. అందువల్ల డి-షార్ప్‌కు ఒక మీట, ఇ-ఫ్లాట్‌కు మరొక మీట ఏర్పడ్డాయి. ఈనాటి పియానోలో ఆ రెంటికీ ఒకే నల్ల మెట్టు! తరువాత ప్రష్యా రాజు ఫ్రెడరిక్‌కు గురువైన క్వాంట్జ్‌కు ఈ తేడా ఎందుకు కావలసి వచ్చింది?

లెక్క వేసి చూద్దాం. సౌలభ్యం కోసం సి అనే స్వరానికి సెకనుకు 240 కంపనాలు అనుకోండి. చెవికి ఇంపుగా కలిసే స్వరాల మధ్య చిన్న చిన్న అంకెల నిష్పత్తులుంటాయి. సి తో కలిసి పలికే ఇ-ఫ్లాట్‌కు ఆ నిష్పత్తి 6/5. అంటే 288 కంపనాలు. డి-షార్ప్ అవసరం కింది బి తో కలిసేటప్పుడు వస్తుంది. బి కంపనాలు 225. అక్కడ కావలసిన నిష్పత్తి 5/4. అంటే 281.25. రెండింటికీ తేడా సెకనుకు దాదాపు 7 కంపనాలు. రెండూ కలిపి పలికిస్తే ధ్వని సెకనుకు సుమారు ఏడుసార్లు హెచ్చుతూ తగ్గుతూ వినిపిస్తుంది. మీ భౌతికశాస్త్రంలో విస్పందనాలు అనేవి ఇవే.

హార్మోనియం, పియానో, ఎలక్ట్రానిక్ కీబోర్డులలో ఈ రెండింటికీ రాజీ కుదిర్చారు. స్థాయిని 12 సమాన నిష్పత్తులుగా విడగొట్టారు. ప్రతి మెట్టు కింది మెట్టుకు 1.0595 రెట్లు. అలా పన్నెండుసార్లు గుణిస్తే 2 వస్తుంది. ఈ లెక్కలో ఆ నల్ల మెట్టుకు 285.4 కంపనాలు. అది 288 కాదు, 281.25 కాదు. ఇద్దరినీ కొద్దిగా నొప్పించి ఇద్దరికీ సరిపెట్టిన రాజీ అది. రాజీ మంచిదే. దానివల్ల ఒకే వాద్యం మీద ఏ స్వరం నుంచి అయినా పాట మొదలుపెట్టవచ్చు. కాని రాజీని ప్రకృతి నియమం అనుకోవడం పొరపాటు.

అంకెలు చాలవా?

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. "పన్నెండు చోట్లకు పన్నెండు అంకెలు వేస్తే సరిపోదా? పదహారు పేర్ల గొడవ ఎందుకు?" అని. ఇది తేలికగా తోసివేయదగిన మాట కాదు. యంత్రాలు చేస్తున్నది అదే. ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1983లో వచ్చిన మిడి పద్ధతిలో ప్రతి మెట్టుకూ ఒక అంకె. పియానో నడుమనున్న సి కి 60. డి-షార్ప్‌కైనా, ఇ-ఫ్లాట్‌కైనా 63. యంత్రం ధ్వని పుట్టించడానికి అంత చాలు.

అయితే 1/2, 3/6 అన్న భిన్నాలను చూడండి. విలువ ఒకటే. కాని "ఆరుగురిలో ముగ్గురు వచ్చారు" అన్న సమాచారం 3/6 లో ఉంది, 1/2 లో లేదు. సూక్ష్మీకరించినప్పుడు విలువ మిగిలింది, కథ పోయింది. స్వరానికి అంకె వేయడమూ అలాంటిదే. 63 అన్న అంకె ఎంత ధ్వని కావాలో చెబుతుంది. అది ఎవరి పక్కన కూర్చుందో, ఎటు నడవబోతుందో చెప్పదు. వాయించే మనిషికి రెండోదే ఎక్కువ అవసరం.

అంకెలు వద్దని నేననడం లేదు. అంకెతో పాటు పేరు కూడా ఉండాలంటున్నాను. ఈ రోజుల్లో ఫోనులో శ్రుతి చూపించే యాప్‌లు వచ్చాయి. ధ్వని వినిపించగానే ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక ముల్లు చూపిస్తాయి. అవి మంచి కొలమానాలే. కాని సన్నాయి విద్వాంసుని స్వరం ముందు అలాంటి ఫోను పెట్టి, ముల్లు నడిమి గీత మీద నిలవలేదు కనుక ఆయన అపశ్రుతి వాయిస్తున్నాడని తీర్పు చెప్పే విద్యార్థి ఒకడు తయారైతే, అది సైన్సు కాదు. ముల్లు కొలుస్తున్నది పన్నెండు సమాన భాగాల రాజీతో ఉన్న దూరాన్ని. ఆ రాజీకి సన్నాయి ఏనాడూ ఒప్పుకోలేదు. ఏ కొలమానమైనా దేనితో పోల్చి కొలుస్తున్నదో తెలుసుకోకుండా తీర్పు చెప్పకూడదని మీ ప్రయోగశాల నేర్పే మొదటి పాఠం కదా!

మనం చేయవలసిన పని

ఈ నేల సంగీతానికి కొత్తది కాదు. జనగామ జిల్లాలోని పాలకుర్తి పేరు మోసిన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఆనాటి ఆటపాటలనూ, వాద్యాలనూ విస్తారంగా వర్ణించాడు. పోతన ఊరుగా ప్రసిద్ధమైన బమ్మెర ఆ పక్కనే. వరంగల్‌లో ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉంది. వాద్యం వాయించగల మనుషులు ఊరూరా ఉన్నారు. లోటు ఎక్కడ ఉందంటే, చేతి విద్యనూ పుస్తకవిద్యనూ రెండు వేరు గదులలో పెట్టడంలో ఉంది.

అందుకే మూడు సూచనలు చేస్తున్నాను. ఒకటి, వేణువు నేర్పే పట్టికలలో ఒక్కొక్క అమరిక ఎదుట ఒకే పేరు రాసి వదిలేయకూడదు. రెండు పేర్లున్న చోట రెండూ రాయాలి, ఏది ఎప్పుడో ఒక్క వాక్యంలో చెప్పాలి. రెండు, తరగతిలో ధ్వని పాఠం చెప్పే రోజున ఊరిలోని సన్నాయి విద్వాంసుని బడికి పిలవాలి. ప్రార్థన వేళ ఒక పాట వాయించి పొమ్మనడానికి కాదు. వాయుస్తంభం గురించి అధ్యాపకుడు బల్ల మీద రాస్తుంటే, వేలు కదపకుండా ఊపిరితోనే స్వరం ఎలా జరుగుతుందో ఆయన చూపించాలి. ఆ పూట ఆయన కూడా గురువే. మూడు, రిషభమా గాంధారమా అని సందేహపడిన విద్యార్థిని తప్పు పట్టకూడదు. "పక్కన ఏముంది?" అని తిరిగి అడగాలి. జవాబు అతనే చెబుతాడు.

చివరగా మీకొక లెక్క. పంచమానికీ పై షడ్జానికీ నడుమ కూడా నాలుగు చోట్లున్నాయని చెప్పుకున్నాం. కింది మనిషి దైవతం, పై మనిషి నిషాదం. ఆ నాలుగు చోట్ల నుంచి 1, 2 ఎంచుకుంటే రెండో చోటుకు ఏ పేరు? 2, 3 ఎంచుకుంటే అదే చోటుకు ఏ పేరు? 3, 4 ఎంచుకుంటే మూడో చోటుకు ఏ పేరు? ఎవరినీ అడగకుండా, ఏ పుస్తకమూ చూడకుండా కాగితం మీద వేసి చూడండి. ఆ తరువాత వేణువు వాయించే వారెవరినైనా కలిసి, ఆ స్వరాలను వేళ్లతో చూపించమనండి. కాగితం మీద మీరు కనుక్కున్నదీ, వారి వేళ్లు చేస్తున్నదీ ఒకటేనని తెలిసినప్పుడు కలిగే ఆనందం ఏ మార్కులకూ తీసిపోదు.